అమ్మమ్మ మాటలు, నల్ల కిటికీ, నెమ్మది

ఈసారి వంట కాదు, పండగ కాదు. చరిత్ర. అది కూడా రాజుల చరిత్ర కాదు, కంప్యూటర్‌లో ఉండే ఒక నల్ల కిటికీ చరిత్ర. భయపడకండి. కంప్యూటర్ పని చేయనివాళ్ళకి కూడా అర్థం కావాలని రాశాను. పెద్ద మాటలు తక్కువ వాడాను, ఎందుకంటే నాకు వచ్చినవే తక్కువ.

ముందు అసలు సంగతి. నేను ప్రతి ఆదివారం తెనాలిలో ఉన్న మా అమ్మమ్మకి ఫోన్ చేస్తాను. ఆవిడ మాటల్లో నాకు తెలియని మాట వస్తే రాసుకుంటాను. మాట, దాని అర్థం, ఆవిడ ఏ సందర్భంలో అందో ఆ వాక్యం. మూడేళ్ళలో రెండు వేల మాటలు దాటాయి. వాటిని చదువుకోవడానికి ఒక చిన్న ప్రోగ్రాం రాశాను. అది టెర్మినల్‌లో నడుస్తుంది. టెర్మినల్ అంటే సినిమాల్లో హ్యాకర్లు వాడే నల్ల కిటికీ. బొమ్మలు ఉండవు, అక్షరాలే ఉంటాయి.

ప్రోగ్రాం నడిపాను. రెండు కష్టాలు వచ్చాయి. ఒకటి, మాటలు నత్తలాగా వచ్చాయి. నా కంప్యూటర్ కొత్తది. అదే జాబితాను తెర మీద చూపించకుండా ఫైల్లోకి పంపితే రెప్పపాటులో అయిపోయింది. తెర మీదకి పంపితే నాలుగైదు సెకన్లు. రెండు, అక్షరాలు విరిగిపోయాయి. ఒత్తులు ఒక చోట, అక్షరాలు ఇంకో చోట. "స్త్రీ" అన్న మాట మూడు ముక్కలై కూర్చుంది.

నాన్న వెనక నుంచి చూసి, "ఎందుకమ్మా ఈ గొడవ? ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టెయ్. వేగంగా వస్తుంది, శుభ్రంగా ఉంటుంది" అన్నారు.

నిజమే. ఇంగ్లీషు అక్షరాల్లో పెడితే వెంటనే వచ్చింది. కానీ నేను తెలుగు చదవడం నేర్చుకున్నది ఇరవై రెండేళ్ళ వయసులో, ఒక్కో గుణింతం దిద్దుకుంటూ. మళ్ళీ వెనక్కి వెళ్ళాలా? ఒక నల్ల కిటికీ కోసమా? అందుకే, ఒప్పుకునే ముందు, ఇది ఎందుకు నెమ్మదిగా ఉందో తెలుసుకోవాలనుకున్నాను.

పగటి వేషం

టెర్మినల్ అని మనం పిలిచేదాని పూర్తి పేరు టెర్మినల్ ఎమ్యులేటర్. ఎమ్యులేటర్ అంటే అనుకరించేది. అమ్మమ్మ చిన్నప్పుడు వాళ్ళ వీధిలోకి పగటి వేషగాళ్ళు వచ్చేవారట. ఒకరోజు పోలీసు, ఒకరోజు సన్యాసి. మన నల్ల కిటికీ కూడా పగటి వేషగాడే. అది వేసే వేషం ఒక పాత యంత్రానిది. ఆ యంత్రం పేరు వీటీ100. డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ అనే అమెరికా కంపెనీ 1978లో తెచ్చింది.

వీటీ100 కూడా ఒక రకంగా వేషమే. దానికి ముందు టెలీటైప్ ఉండేది. అది తెర కాదు, తంతి పంపే టైప్‌రైటర్. 1963లో వచ్చిన టెలీటైప్ మోడల్ 33 సెకనుకి పది అక్షరాలు కొట్టేది. పదే! 80 అక్షరాలు రావాలంటే ఎనిమిది సెకన్లు. 1969లో బెల్ ల్యాబ్స్‌లో యూనిక్స్ మొదలైనప్పుడు వాడిన యంత్రాలు ఈ జాతివే. యూనిక్స్ ఆజ్ఞలు ఎల్‌ఎస్, సీపీ, ఎంవీ అని పొట్టిగా ఎందుకు ఉన్నాయో ఇక్కడే తెలుస్తుంది. టైప్ చేయడం కష్టం, అచ్చు పడడం ఆలస్యం. ఇప్పటికీ లినక్స్‌లో టెర్మినల్‌ని టీటీవై అంటారు. అది టెలీటైప్‌కి పొట్టి పేరు. యంత్రం పోయింది, పేరు మిగిలింది.

బెల్ ల్యాబ్స్ ఉన్న ముర్రే హిల్ మా న్యూజెర్సీలోనే ఉంది. ఆ దారిలో ఎన్నోసార్లు కారులో వెళ్ళాను. అమ్మమ్మ మాటలు ఆ ఊరి మీదుగా నా తెర మీదకి వస్తున్నాయని అప్పుడు తెలియదు.

వీటీ100 తెర మీద 24 వరుసలు, వరుసకి 80 అక్షరాలు. 80 ఎందుకు? 1928లో ఐబీఎం తెచ్చిన చిల్లుల కార్డులో 80 నిలువు వరుసలు ఉండేవి. ఆ లెక్క అలా వచ్చేసింది. 80ని 24తో గుణిస్తే 1,920. అంటే తెర అంతా 1,920 గడులు. చిన్నప్పుడు లెక్కల పుస్తకంలో గడులు ఉండేవి కదా, అలాగే. ఒక గడిలో ఒక అక్షరం. అన్ని గడులూ ఒకే వెడల్పు. ఈ గడిని గుర్తుపెట్టుకోండి. మన కష్టాలన్నీ దీని చుట్టూనే ఉన్నాయి.

పాతది నిజంగా వేగంగా ఉండేదా?

నాన్న 1998లో అమెరికా వచ్చారు. 2000 సంవత్సరం తేదీల సమస్య సరిచేయడానికి ఎంతోమంది తెలుగువాళ్ళు వచ్చిన రోజులవి. కోబాల్ ప్రోగ్రాములు చూసేవారు. ఆయన వాడినది వీటీ100 కాదు, ఐబీఎం 3270 తరహా తెర. దాన్ని గ్రీన్ స్క్రీన్ అంటారు. "మా తెర పచ్చగా ఉండేది, కానీ వేలు పెడితే చాలు, అక్షరం అక్కడ ఉండేది" అంటారు.

నేను నమ్మలేదు. లెక్క వేశాను. వీటీ100కి 9,600 బాడ్ వేగంతో తీగ కలిపితే సెకనుకి సుమారు 960 అక్షరాలు వస్తాయి. తెర నిండడానికి రెండు సెకన్లు! ఇప్పటి టెర్మినల్ సెకనుకి లక్షల అక్షరాలు మింగగలదు. మరి పాతది వేగం అని ఎలా అంటాం?

ఇక్కడ నాకు ఒక సంగతి తెలిసింది. వేగం అనే ఒక్క మాటలో రెండు వేరు వేరు ప్రశ్నలు ఉన్నాయి. మా ఇంట్లో వేడినీళ్ళ కుళాయి తిప్పితే నీళ్ళు ధారగా వస్తాయి. కానీ వేడి రావడానికి ఒక నిమిషం ఆగాలి. నిమిషానికి ఎన్ని నీళ్ళు అనేది ఒక ప్రశ్న. తిప్పాక ఎంతసేపటికి వేడి వస్తుంది అనేది ఇంకో ప్రశ్న. కొత్త టెర్మినల్‌లో ధార పెద్దది. పాత యంత్రంలో ధార సన్నం, కానీ తిప్పగానే వచ్చేది.

డాన్ లూ అనే ఇంజినీరు పాత కంప్యూటర్లనూ కొత్త కంప్యూటర్లనూ వేగంగా తీసే కెమెరాతో కొలిచి 2017లో ఫలితాలు రాశారు. మీట నొక్కిన క్షణం నుంచి అక్షరం కనపడే క్షణం వరకు. 1983 నాటి ఆపిల్ 2ఈకి పట్టింది 30 మిల్లీసెకన్లు. దాని వేగం ఒక మెగాహెర్ట్జ్ మాత్రమే. ఆయన కొలిచిన కొత్త యంత్రాల్లో చాలావాటికి అంతకన్నా ఎక్కువే పట్టింది.

నాన్న మాట కూడా నిజమే. 3270 తెరలో మీరు కొట్టిన అక్షరం పెద్ద కంప్యూటర్ దాకా వెళ్ళదు. తెరే చూపించేస్తుంది. ఎంటర్ నొక్కినప్పుడే పేజీ అంతా ఒకేసారి వెళ్తుంది. యూనిక్స్ పద్ధతి వేరు. మీరు 'అ' కొడితే అది అటు వెళ్ళి, అవతలి ప్రోగ్రాం "సరే, అ" అని తిప్పి పంపితే అప్పుడు కనపడుతుంది. మన నల్ల కిటికీలో ఇప్పటికీ ఇంతే. అటూ ఇటూ ఒకే కంప్యూటర్‌లో ఉన్నా సరే, అక్షరం వెళ్ళి రావాల్సిందే.

ఒక అక్షరం ప్రయాణం

ఇప్పుడు ఒక మీట నొక్కితే ఏం జరుగుతుందో చూద్దాం. కీబోర్డు నొక్కిన సంగతిని యూఎస్‌బీ తీగ మీద పంపుతుంది. ఆపరేటింగ్ సిస్టం అందుకుంటుంది. కిటికీలను చూసుకునే ప్రోగ్రాంకి ఇస్తుంది. అది మన టెర్మినల్‌కి ఇస్తుంది. టెర్మినల్ దాన్ని ఒక దొంగ టెలీటైప్‌లోకి పంపుతుంది (నిజంగా దాని పేరే సూడో టెర్మినల్). అవతల షెల్ అందుకుంటుంది, తిప్పి పంపుతుంది. టెర్మినల్ ఒక్కో బైటు చదువుతుంది. ఇది అక్షరమా, రంగు మార్చమనే ఆజ్ఞా, పై వరుసకి వెళ్ళమనే ఆజ్ఞా అని చూస్తుంది. ఈ ఆజ్ఞలు వీటీ100 కాలం నాటివే. తర్వాత ఏ గడిలో పెట్టాలో లెక్క వేస్తుంది. ఫాంట్‌లో ఆ అక్షరం రూపం వెతుకుతుంది. చుక్కలుగా గీస్తుంది. గ్రాఫిక్స్ కార్డుకి ఇస్తుంది. ఇంకో ప్రోగ్రాం అన్ని కిటికీలనూ కలిపి ఒక బొమ్మ చేస్తుంది. తెర సెకనుకి 60 సార్లు మారుతుంది కాబట్టి, తర్వాతి వంతు వచ్చేదాకా, అంటే సుమారు 16.7 మిల్లీసెకన్ల వరకు ఆగాలి. ఒక్క వంతు తప్పితే ఇంకో 16.7.

ఎవరూ సోమరి కాదు. ప్రతి మెట్టు దగ్గర ఎవరో ఒకరు కొంచెం ఆగమంటారు. పెళ్ళిలో భోజనాల వరుసలాగా. వడ్డించేవాళ్ళు చురుకే, వరుసే పొడుగు.

1981 నాటి ఐబీఎం పీసీలో ఇదంతా లేదు. తెర మీద 80 గుణించు 25, అంటే 2,000 గడులు. ఒక్కో గడికి రెండు బైట్లు. ఒకటి అక్షరం, ఒకటి రంగు. మొత్తం 4,000 బైట్లు. ఆ రెండు బైట్లు జ్ఞాపకంలో రాస్తే చాలు, అక్షరం ఎలా గీయాలో ఒక చిప్‌లో ముందే అచ్చు వేసి ఉంటుంది.

ఇప్పటి 4కే తెరలో 82,94,400 చుక్కలు ఉంటాయి. చుక్కకి నాలుగు బైట్లు వేసుకుంటే 3 కోట్ల 31 లక్షల బైట్లు దాటుతుంది. వీటీ100 తెర మీద గడికి ఒక బైటు చొప్పున 1,920. అంటే 17 వేల రెట్లకి పైగా పెరిగింది. చాలామంది ఇక్కడ ఆగిపోయి "అందుకే నెమ్మది" అంటారు. నేనూ అలాగే అనుకున్నాను. కానీ అది పూర్తి జవాబు కాదు. సెకనుకి 60 సార్లు ఆ చుక్కలన్నీ మార్చినా రెండు గిగాబైట్లు. కొత్త గ్రాఫిక్స్ కార్డులకి అది కష్టమైన పని కాదు. ఆటల్లో అడవులూ సముద్రాలూ అలాగే గీస్తున్నాయి.

2021లో కేసీ మురటోరి అనే ఆటల ప్రోగ్రామర్ ఇదే ప్రశ్న వేశారు. రంగురంగుల అక్షరాలు వస్తే విండోస్ టెర్మినల్ ఎందుకు అంత నెమ్మదిస్తుంది అని. రెఫ్‌టర్మ్ అనే ఒక చిన్న నమూనా రాసి చూపించారు. అందులో కిటుకు ఇది: ఒక అక్షరాన్ని ఒకసారి గీసి దాచిపెట్టుకో. మళ్ళీ అదే వస్తే దాచినదాన్ని అతికించు. ప్రతిసారీ మొదటి నుంచి గీయకు. పాత ప్రెస్సుల్లో అచ్చు అక్షరాలు పెట్టెలో గడుల్లో సర్ది ఉండేవి కదా. ప్రతి పేజీకీ కొత్తగా సీసం పోయరు, ఉన్న అచ్చు తీసి పేరుస్తారు. ఇదీ అంతే. 2017లో వచ్చిన అలాక్రిటీ కూడా గ్రాఫిక్స్ కార్డులో అక్షరాలను ఇలాగే దాచుకుంటుంది. తర్వాత విండోస్ టెర్మినల్‌లోకి కూడా ఈ తరహా పద్ధతి వచ్చింది. అంటే తప్పు యంత్రానిది కాదు. యంత్రాన్ని పని అడిగే తీరులో ఉంది.

మన అక్షరాలు ఎక్కడ?

ఇంతవరకు చదివి నాకు ఆ 1981 యంత్రం మీద ప్రేమ పుట్టింది. నాలుగు వేల బైట్లు, వెంటనే అక్షరం. ఎంత బాగుందో అనుకున్నాను. తర్వాత ఒక సంగతి గుర్తొచ్చింది. ఆ చిప్‌లో అచ్చు వేసి ఉన్న అక్షరాలు 256. అందులో ఒక్కటి కూడా తెలుగు కాదు.

అప్పుడు నా ప్రశ్న మారిపోయింది. ఆ వేగం ఎవరికి వేగం? మన అక్షరాలను బయట నిలబెట్టినందుకే లోపల అంత ఖాళీగా, చురుగ్గా ఉంది.

ఇండియాలో కొందరు అప్పుడే దీనికి దారి వెతికారు. ఐఐటీ కాన్పూర్‌లో మొదలై, తర్వాత పుణెలోని సీడాక్ చేతుల్లో పెరిగిన జిస్ట్ అనే కార్డు ఉండేది. దాన్ని పీసీలో పెడితే డాస్ ప్రోగ్రాముల్లో భారతీయ లిపులు కనపడేవి. 1991లో ఇస్కీ అనే ప్రమాణం వచ్చింది. అదే సంవత్సరం యూనికోడ్ మొదటి ప్రచురణ వచ్చింది, అందులో తెలుగు ఉంది. 1992 సెప్టెంబరులో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ యూటీఎఫ్-8 అనే పద్ధతి కనిపెట్టారు. న్యూజెర్సీలో ఒక హోటల్లో, పళ్ళెం కింద వేసే కాగితం మీద. ఈ థాంప్సనే యూనిక్స్ మొదలుపెట్టిన ఆయన. ఆ పద్ధతిలో తెలుగు కోడు ఒక్కోటి మూడు బైట్లు.

ఇప్పుడు "స్త్రీ" దగ్గరికి వద్దాం. మన కంటికి ఒక్క అక్షరం. యూనికోడ్‌లో అది ఆరు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడి దీర్ఘం. పద్దెనిమిది బైట్లు. టెర్మినల్‌కి వీటీ100 వేషం ఉంది కాబట్టి "ఎన్ని గడులు?" అని అడగాలి. చాలా టెర్మినళ్ళు వాడే పాత లెక్క ప్రకారం హల్లుకి ఒక గడి, పొల్లుకి సున్నా, గుడికి సున్నా. అంటే "స్త్రీ"కి మూడు గడులు. కానీ త, ర రెండూ ఒత్తులై సకారాన్నే అంటిపెట్టుకోవాలి. గడి గడికీ విడిగా గీస్తే అక్షరం విరుగుతుంది. కలిపి గీస్తే పక్కన ఖాళీ మిగులుతుంది.

ఇంకో చిత్రం. అదే లెక్కలో "కి" ఒక గడి, "కు" రెండు గడులు. గుడి అక్షరం పైన కూర్చుంటుంది కాబట్టి చోటు తీసుకోదు. కొమ్ము పక్కకి వస్తుంది కాబట్టి చోటు తీసుకుంటుందని యూనికోడ్ రాసుకుంది. తెనాలికి, గుంటూరుకు అని రాస్తే చివరి అక్షరాలకి వేరు వేరు కొలతలు!

నా ప్రోగ్రాం ఎందుకు నెమ్మదించిందో కూడా అప్పుడు అర్థమైంది. నా టెర్మినల్ ఫాంట్‌లో తెలుగు లేదు. ప్రతిసారీ వేరే ఫాంట్ వెతకాలి. ఏ ఒత్తు ఎక్కడ కూర్చోవాలో లెక్క వేయాలి. ఆ లెక్క ఫలితాన్ని దాచుకోకపోతే తర్వాతి మాటకి మళ్ళీ మొదలు. దానికి తోడు నా తప్పు కూడా ఉంది. నేను ఒక్కో మాటకీ రంగు మార్చి, ఒక్కో మాటనీ విడిగా తెర మీదకి తోశాను. ప్రతి అతిథికీ వేరే పందిరి వేసినట్టు.

నెమ్మది

ప్రోగ్రాం మార్చాను. ఇరవై మాటలను ఒకచోట పోగుచేసి ఒకేసారి పంపుతున్నాను. రంగు పేజీకి రెండుసార్లే మారుతుంది. తెలుగు మాటను వరుస చివర పెట్టాను, కాబట్టి గడులు తప్పినా పక్క నిలువు వరుస చెదరదు. గడులను పట్టుకుని వేలాడకుండా, అక్షరాన్ని అక్షరంగా గీసే వేరే టెర్మినల్‌కి మారాను. ఇప్పుడు జాబితా వెంటనే వస్తుంది. అన్ని ఒత్తులూ సరిగ్గా లేవు, కానీ చదవగలుగుతున్నాను. 2023లో వచ్చిన యూనికోడ్ 15.1లో తెలుగు సంయుక్తాక్షరాన్ని ముక్కలు చేయకుండా ఒకే అక్షరంగా లెక్కపెట్టే నియమం చేరింది. టెర్మినళ్ళు దాన్ని నేర్చుకునేదాకా ఆగుతాను.

ఇంగ్లీషు అక్షరాల్లోకి మాత్రం మారలేదు.

వీటీ100 అలవాట్లు ఇంకా ఉన్నాయి. మీ టెర్మినల్‌లో కంట్రోల్-ఎస్ నొక్కి చూడండి, చాలాచోట్ల తెర ఆగిపోతుంది. కంట్రోల్-క్యూ నొక్కితే కదులుతుంది. నెమ్మదిగా ఉండే యంత్రం "ఆగు, నాకు అందడం లేదు" అని చెప్పడానికి వాడిన సైగ అది. మన కిటికీ వేషం ఎంత బాగా వేసిందంటే, ఆ యంత్రం ఆయాసాన్ని కూడా నటిస్తోంది.

పోయిన ఆదివారం ఇదంతా అమ్మమ్మకి చెప్పాను. ఆవిడకి ఈ మధ్య జ్వరం వచ్చింది. "ఎలా ఉంది అమ్మమ్మా?" అంటే "నెమ్మదించింది తల్లీ" అంది. నేను కంగారుపడ్డాను. నెమ్మది అంటే నాకు తెలిసిన అర్థం ఒక్కటే, వేగం లేకపోవడం. గుండె నెమ్మదించిందా, నడక నెమ్మదించిందా అని అడిగాను. ఆవిడ నవ్వి, "పిచ్చిపిల్లా, తగ్గింది అని. హాయిగా ఉంది అని" చెప్పింది.

ఆ మాటని జాబితాలో చేర్చాను. ప్రోగ్రాం నడిపితే "మ్మ" కింద ఒత్తు సరిగ్గా కూర్చుంది. నాన్న వచ్చి, నా భుజం మీద నుంచి తెర చూస్తూ, ఒక్కో మాటనీ పైకి చదివారు. మూడో పేజీ దగ్గర "ఈ మాట విని ముప్పై ఏళ్ళయిందమ్మా" అన్నారు. ఇంగ్లీషు అక్షరాల సంగతి మళ్ళీ ఎత్తలేదు.